రిలీవర్ వచ్చేదాకా

సోమనర్సయ్య ముప్ఫయ్యారేళ్లు కరెంటు సబ్‌స్టేషన్లో ఆపరేటరుగా చేసి మార్చి నెలాఖరున రిటైరయ్యాడు. శాలువా కప్పారు, గోడ గడియారం ఇచ్చారు. బతుకంతా గడియారం చూస్తూ గడిపిన మనిషికి, ఇక చూడక్కర్లేదని చెప్పే రోజునే గడియారం చేతిలో పెట్టడం ఏం సరసమో రజితకు అర్థం కాలేదు. శాలువా, గడియారం, తండ్రి – ముగ్గురినీ ఒకే ఆటోలో ఎక్కించుకుని బచ్చన్నపేట నుంచి జనగామకు తెచ్చుకుంది.

రజిత భర్త మహబూబాబాద్‌లో రైల్వే ఉద్యోగి. శనివారం వచ్చి సోమవారం పోయే వారాలబ్బాయి. కాబట్టి మిగతా ఐదు రోజులూ ఇంట్లో తండ్రీ కూతురూ మాత్రమే. ఆయనకు ఏ పనీ లేదు. పాత్రలు తోమబోతే కూతురు లాక్కునేది. చివరికి ఆయనకు దక్కింది తోమే పాత్ర కాదు, ఆడే పాత్ర.

ఆ ఆట సంగతి. హైదరాబాదులోని ఒక చిన్న కంపెనీ ‘నల్లకోట’ అని తయారు చేసింది. ఎక్కడెక్కడి వాళ్లో ఫోన్లలోంచి ఒకే కోటలోకి దిగి, ఒకడు విలుకాడు, ఒకతె వైద్యురాలు, ఒకడు కమ్మరి – తలా ఒక వేషం కట్టి కలిసి ఆడే ఆట. వేలల్లో వస్తారనుకుంటే వందల్లో వచ్చారు. ఆ వందల్లో ముప్పాతిక మంది రెండో రోజుకే కోట దాటి పారిపోయారు. వాళ్లెందుకు పోతున్నారో, ఉన్నవాళ్లెందుకు ఉంటున్నారో కనిపెట్టి వారం వారం రాసి పంపడం రజిత ఉద్యోగం. ఇంట్లోంచే పని. కంపెనీకి సర్వర్ ఖర్చు, రజితకు సర్వే ఖర్మ.

“జర టైంపాస్ అయితది బాపూ” అని ఒక ఆదివారం టాబ్‌లో ఆట వేసి తండ్రి చేతికిచ్చింది. అంతకుమించి ఆశ ఏమీ లేదు. ఆయన్ను చూసి ఆశపడటం ఆమె ఎప్పుడో మానేసింది.

సోమనర్సయ్యకు బాధ లేదు. రజిత బాధ అదే. భార్య యాదమ్మ పోయి రెండున్నరేళ్లయింది, ఆయన ఇంతవరకు ఏడవలేదు. పెట్టింది తింటాడు, పలకరిస్తే పలుకుతాడు. అన్నేళ్లు కరెంటుతో కాపురం చేసి ఒక్క షాకూ తినని మనిషి, ఈ షాకు కూడా తగలనట్టే కూర్చున్నాడు. మెయిన్ ఫ్యూజు పోయిన ఇంట్లో ఏ స్విచ్ వేసినా ఒకటే, తీసినా ఒకటే.

రజితకు ఆ రోజు నిమిషాలతో సహా గుర్తుంది. పత్తి అమ్మకాల రోజులు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు యాదమ్మ వాకిట్లో కూలిపోయింది. పక్కింటి ఐలమ్మ ఆటోలో వేసుకుని జనగామ దవాఖానకు తెస్తూ సోమనర్సయ్యకు ఫోన్ చేసింది. ఆయన షిఫ్టు రెండింటికి అయిపోతుంది. సబ్‌స్టేషన్లో షిఫ్టుకు ఒకడే మనిషి. తర్వాతి షిఫ్టు వాడు, అంటే రిలీవర్, వచ్చి పుస్తకంలో సంతకం పెట్టి “ఛార్జ్ తీసుకున్న” అనేదాకా కుర్చీ వదలకూడదు. ఆ రోజు రిలీవర్ ఎల్లేశ్. రెండయింది, రాలేదు. ఫోన్ కలవలేదు. పైగా అక్కడికి రెండు కిలోమీటర్ల దూరంలో జాల్యా అనే లైన్‌మన్ స్తంభం మీద ఉన్నాడు. సోమనర్సయ్య లైను బంద్ పెట్టాడన్న ఒక్క నమ్మకంతో తీగలు పట్టుకుని ఉన్నాడు. ఈయన లేచిపోయాక ఎవడో తెలియక స్విచ్ వేస్తే జాల్యా అక్కడికక్కడే బొగ్గయిపోతాడు.

సోమనర్సయ్య లేవలేదు. రెండు గంటల రీడింగు రాశాడు. మూడు గంటల రీడింగు రాశాడు. తర్వాత ఒకసారి రజిత ఆ పుస్తకం చూసింది. అంకెలన్నీ ఎప్పటిలాగే గుండ్రంగా, ఒకదాని కింద ఒకటి ఉన్నాయి.

దవాఖానలో మంచం మీద యాదమ్మ రెండుసార్లు కళ్లు తెరిచింది. రెండుసార్లూ ఒకటే అడిగింది. “మీ బాపు దిగిండా?” డ్యూటీ దిగాడా అని. “వస్తుండవ్వా” అంది రజిత. మూడూ ఇరవైకి యాదమ్మ పోయింది. నాలుగూ ఐదుకు ఎల్లేశ్ వచ్చాడు. పత్తి ట్రాక్టరు వరుసలో ఇరుక్కున్నాడట. ముందూ వెనకా బండ్లు, చేతిలో చచ్చిన ఫోను. సోమనర్సయ్య ఒక్క మాట అనలేదు. సంతకం పెట్టించుకుని, చెప్పులు వేసుకుని నడిచాడు.

తిట్టి ఉంటే బాగుండేది. ఎల్లేశ్ మరుసటి వారమే షిఫ్టు మార్పించుకున్నాడు. మళ్లీ ఆయన ముఖం చూడలేదు. తల్లి అడిగిన మాటను రజిత కూడా తండ్రికి చెప్పలేదు. చెప్పి ఏం చేయాలి, జవాబు రాసే పుస్తకం మూసేశాక?

ఇక ఆట. మొదటిసారి దిగినవాళ్లందరూ కోట ఉత్తర ద్వారం దగ్గర తేలతారు. ఒక ముసలి కాపలాదారు ఈటె చేతికిచ్చి, “మరొకరు వచ్చేదాకా ఈ తలుపు విడవకు” అని చెప్పి మాయమవుతాడు. పది సెకన్లకు ‘ముందుకు’ అని పచ్చ మీట వెలుగుతుంది. అది నొక్కితే అసలు ఆట. దిగిన ప్రతివాడూ నొక్కాడు, ఒక్క సోమనర్సయ్య తప్ప. మరొకరు రాలేదు కదా.

సోమవారం మధ్యాహ్నం హైదరాబాదు నుంచి రజిత పైఅధికారి శిరీష ఫోన్ చేసింది.

“రజితా, ఒకడు పొద్దున ఆరింటికెళ్లి ఉత్తర ద్వారం కాడ నిలబడ్డడు. ఇంచు కదల్తలేడు. మనిషి గాదు, మిషన్‌తోని నడిపిస్తున్నరు. పీకెయ్.”

“మనిషి లెక్కనే ఉన్నడు మేడం. గంటకోపారి ఏదో రాస్తుండు.”

“ఏం రాస్తుండు?”

రజిత తెర మీద చదివింది. “‘పదకొండు గంటలు. తలుపు తెరిచి ఉన్నది. గాలి మామూలు. కాకులు ఆరు.’”

“కాకులేంది?”

“గోడ మీద మనమే పెట్టినం గదా మేడం.”

అప్పుడే పక్కగదిలోంచి కేక. “బిడ్డా! పన్నెండుకు కాకులు ఏడైనయి! ఒకటి కొత్తది!”

రజిత ఫోన్ పెట్టేసి పరుగెత్తింది. తండ్రి కుర్చీలో నిటారుగా, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, డ్యూటీ వాచీ కట్టుకుని కూర్చున్నాడు.

“బాపూ, ఆ పచ్చది నొక్కాలె.”

“ఎందుకు?”

“నొక్కితెనే లోపలికి పోతవు.”

“పోత. రిలీవర్ ఏడి?”

“రిలీవర్ ఉండడు బాపూ. అది ఉత్తగ రాసిన మాట.”

“ఉత్తగ ఎట్ల రాస్తరు?” అన్నాడు సోమనర్సయ్య. వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. చిన్న కంపెనీ, ఆటలో మాటలు కూడా రజిత చేతే రాయించారు. ఆ మాట రాసింది తనే.

రెండయింది. నాలుగయింది. ఆరింటికి టాబ్ ఆరిపోయింది. అంతవరకు ఛార్జ్ ఇవ్వడమూ తీసుకోవడమే ఎరిగిన మనిషి, ఛార్జ్ పెట్టడం నేర్చుకుని మళ్లీ నిలబడ్డాడు. జీవితమంతా లైన్‌మన్లను కాచినవాడు, ఇప్పుడు ఆన్‌లైన్‌మన్.

మూడో రోజు దీప కనిపించింది. మహబూబాబాద్‌లో జిరాక్స్ షాపు నడుపుతుంది. ఆటలో వైద్యురాలు, ఏడుగురి దండుకు పెద్ద. గేటు దగ్గర ఆగి రాసింది: “తాతా, రోజూ చూస్తున్న. ఎవలి కోసం నిలబడ్డవ్?”

సోమనర్సయ్య ఒంటి వేలితో నాలుగు నిమిషాలు వెతికి ‘రిలీవర్’ అని కొట్టాడు.

“గాయనెవలు? లెవెల్ ఎంత?”

ఆమె వెనకాలే ఉన్న వీరేందర్ అడ్డొచ్చాడు. భూపాలపల్లి బొగ్గు గనిలో డంపర్ డ్రైవరు. “ఓ పిల్లా, గది లెవెల్ గాదు, షిఫ్టు. కాకా, మా కాడ గూడ గంతే. అవతలోడు ఎక్కినంకనే మనం దిగుడు. ఎన్నింటికి దిగాలె నువ్వు?”

‘రెండు.’

“నాకు గీ వారం నైటు. రెండుకు నేనొస్త పో.”

సరిగ్గా రెండింటికి వచ్చాడు. “ఛార్జ్ తీసుకున్న కాకా. పొయ్యి అన్నం తిను.” సోమనర్సయ్య పచ్చ మీట నొక్కాడు, కోటలో నాలుగడుగులు వేశాడు, బయటికొచ్చేశాడు. అన్నం తిన్నాడు. రజిత మజ్జిగ పోస్తుంటే, “మంచి పోరడు. టైముకచ్చిండు” అన్నాడు. కాకుల లెక్క వదిలేస్తే, ఆ ఏడాదిలో ఆయన అడగకుండా మాట్లాడిన మొదటి మాట అది.

ఆ తర్వాత ఏమైందంటే, వీరేందర్‌ను దించడానికి దీప రావాల్సి వచ్చింది. దీపను దించడానికి ఆమె దండులోని ఇంకొకరు. వానకాలం సగం గడిచేసరికి ఉత్తర ద్వారానికి మూడు షిఫ్టులు, అరవై మంది మనుషులు, దీప షాపులో ప్రింటు తీసి అందరికీ ఫోటో పంపిన డ్యూటీ చార్టు. రాక్షసుణ్ని చంపినవాడి కంటే, “మూడు గంటలు, వాన పడుతున్నది, కాకులు తడిసినయి” అని రాసినవాడికే ఎక్కువమంది దండాలు పెట్టారు. రెండో రోజే పారిపోయే కోటలో, ఆ అరవై మందిలో ఒక్కరూ పోలేదు. పైగా ఒక్కొక్కరూ ఇద్దరిని పట్టుకొచ్చారు.

కంపెనీలో అందరూ తలలు పట్టుకున్నారు. కొత్త ఖడ్గాలకు రానివాళ్లు, రెక్కల గుర్రాలకు రానివాళ్లు, తలుపు దగ్గర ఊరికే నిలబడటానికి ఎందుకొస్తున్నారు?

“రాకపోతే ఒకలు అన్నం తినకుంట నిలబడి ఉంటరు మేడం” అంది రజిత.

శిరీష ఆ మాట మళ్లీ ఒకసారి చెప్పించుకుంది. తర్వాత, “గదే రాయి రిపోర్టుల” అంది. వచ్చినవాళ్లు పోకుండా నిలవడాన్ని కంపెనీ భాషలో రిటెన్షన్ అంటారు. ఒకడు టెన్షన్ పడితేనే ఇంకొకడికి రిటెన్షన్ అని రజిత అనుకుంది కానీ, రిపోర్టులో రాయలేదు. కంపెనీ ఇంకో అడుగు వేసింది. కాపలా మనిషి ఉన్నంతసేపే తలుపు తెరిచి ఉంటుంది, లేకపోతే ఐదు నిమిషాల్లో మూసుకుంటుంది, అడవికి పోయినవాళ్లు బయటే చిక్కి తెచ్చుకున్నదంతా పోగొట్టుకుంటారని ఆటలో నిజంగానే నియమం పెట్టింది. ఉత్త మాట ఇక ఉత్తది కాలేదు.

రజితకు జీతం పెరిగింది. శభాష్ అన్నారు. ఆమెకు సంతోషం ఎటునుంచీ రాలేదు. తలుపు సందులోంచి చూస్తే, తెర మీద ఈటె పట్టుకున్న బొమ్మకూ తెర ముందు టాబ్ పట్టుకున్న మనిషికీ తేడా కనిపించేది కాదు. రోజూ రెండింటికి ఎవరో ఒకరు ఆయన్ను దించుతూనే ఉన్నారు. ఆయన దిగుతున్నట్టు మాత్రం లేదు.

పెత్రమాస వచ్చింది. పొద్దున పోయినవాళ్ల పేరు చెప్పి అయ్యగారికి బియ్యమిచ్చి, సాయంత్రం ఉన్నవాళ్లు బతుకమ్మ ఆడే రోజు. యాదమ్మ పేరుతో బియ్యమివ్వాల్సింది మొగుడే. గడిచిన రెండు పెత్రమాసలకూ సోమనర్సయ్య “అందరికీ పెద్దలున్నరు, నేను చేస్త” అని సబ్‌స్టేషన్లో డ్యూటీ వేసుకున్నాడు. ఈసారీ అదే మాట చెప్పి కోట డ్యూటీ వేసుకున్నాడు. రజిత గొడవపడితే, వీరేందర్ ఒంటిగంటకే వచ్చి దించేటట్టు ఒప్పందం కుదిరింది. అయ్యగారు ఒంటిగంటన్నరదాకా గుళ్లో ఉంటానన్నాడు.

పళ్లెంలో బియ్యం, పప్పు, గుమ్మడికాయ ముక్క, చామగడ్డ, చింతపండు సర్దింది రజిత. ఒంటిగంటకు పది నిమిషాల ముందు టాబ్‌లో వీరేందర్ మాట వచ్చింది: “కాకా, నాయినకు బియ్యమియ్యనీకి ఊరికొచ్చిన. సిగ్నల్ వస్తుంది, పోతుంది. ఇయ్యాల నాతోని కాదు. ఏమనుకోకు.”

ఒంటిగంట అయింది. ఒంటిగంటా ఐదు.

“నడు బాపూ. అయ్యగారు పోతడు.”

“బయట పదకొండు మంది ఉన్నరు” అన్నాడు తెర మీంచి కళ్లు తిప్పకుండా. దీప కొత్తవాళ్లను అడవికి తీసుకుపోయింది. తిరిగొచ్చేసరికి మూడు దాటుతుంది.

“అది ఆట బాపూ.”

“తెలుసు.”

“ఆఫీసుల చెప్పి తలుపు తెరిచి పెట్టిస్త.”

“మనిషి లేకుంట తెరిచి పెడ్తవా?”

“అయితే ఇటియ్యి, నేను పట్టుకుంట.”

“నీ పేరు చార్టుల లేదు. ఒకల పేరు మీద ఒకలు నిలబడొద్దు బిడ్డా.”

“మరి టాబ్ పట్టుకొనే గుడికి నడు.”

“డ్యూటీ మీద ఉండి మీ అవ్వకు నీళ్లిడువాల్నా?” అన్నాడు. గొంతు పెరగలేదు, తగ్గలేదు. వాచీ చూసి ఒంటి వేలితో రాశాడు: ‘1.10. బయట 11. రిలీవర్ రాలేదు.’

రజిత ఆ వాక్యం చదివింది. కోపం రావాల్సిన చోట ఏమీ రాలేదు. ఒక సంగతి మాత్రం తట్టింది. వీరేందర్ వచ్చినా, దీప వచ్చినా, రోజుకు ముగ్గురు వచ్చి దించినా ఈ మనిషి దిగడు. ఈయన రిలీవర్ వాళ్లెవరూ కాదు.

వంటింట్లోకి పోయి డబ్బాలోంచి తల్లి పాత ఫోన్ తీసి, ఛార్జర్‌కు తగిలించి, ఎల్లేశ్ నంబరు వెతికింది. ఎల్లేశ్ ఇప్పుడు జఫర్‌గఢ్‌లో ఉంటున్నాడని ఎవరో చెప్పగా విన్నది.

“ఎవలు?”

“ఎల్లేశన్నా, నేను రజితను. సోమనర్సయ్య బిడ్డను.”

అవతల టీవీ చప్పుడు ఆగింది.

“బాపు ఇంకా డ్యూటీ దిగలేదన్నా.”

“రిటైరై ఆర్నెల్లాయె గద బిడ్డా.”

“దిగలేదు.”

“ఏడికి రావాలె?” అన్నాడు ఎల్లేశ్. తర్వాత ఆమె నల్లకోట అంటే ఏమిటో, ఫోన్‌లో ఎట్లా వేసుకోవాలో చెప్పింది. ఆటల గురించి నెలల తరబడి రిపోర్టులు రాసిన మనిషి, ఇంత తక్కువ మాటల్లో దాన్ని ఎప్పుడూ వివరించలేదు. “దిగంగనే తలుపు కాడనే ఉంటవన్నా. బాపు అక్కడనే ఉంటడు.”

“నన్ను చూస్తే ఏమంటడు?”

“నాకు తెల్వదు.”

గుడికి ఫోన్ చేసి అయ్యగారిని ఇంకో పావుగంట ఆగమంది. ఆయన సణిగి ఒప్పుకున్నాడు. రజిత వచ్చి తండ్రి కుర్చీ వెనక నిలబడింది. ఒంటిగంటన్నర. పళ్లెంలో బియ్యం మీద ఒక చీమ నడుస్తోంది. దాన్ని తీయాలని కూడా అనిపించలేదు.

ఒంటిగంటా ముప్పై ఎనిమిదికి ఉత్తర ద్వారం దగ్గర ఒక బొమ్మ తేలింది. కొత్తగా దిగినవాళ్లకిచ్చే గోనెగుడ్డ చొక్కా. ముసలి కాపలాదారు చెప్పింది వినకుండానే అది నడవబోయి గోడకు గుద్దుకుంది. వెనక్కి తిరిగింది, మళ్లీ గుద్దుకుంది. తల మీద పేరు: ఎల్లేశ్.

సోమనర్సయ్య కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు.

బొమ్మ ఎట్లాగో ఆయన ఎదుటికి వచ్చి నిలబడింది. కింద అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి. “అన్నా.”

గోడ మీద కాకి ఒకటి ఎగిరి పక్కకు వాలింది.

“ఛార్జ్ తీస్కుంట అన్నా.”

రజిత తండ్రి వేలినే చూస్తోంది. అది తెర మీద ఆగింది. మెల్లగా కొట్టింది: ‘తలుపు తెరిచి ఉన్నది. బయట 11 మంది. వాళ్లు వచ్చేదాకా కదలొద్దు.’

“పదకొండు మంది. రాసుకున్న.”

‘కాకులు 6.’

“ఆరు. రాసుకున్న.” కాసేపాగి, “ఇయ్యాల ముందుగాల్నే వచ్చిన అన్నా” అని రాశాడు ఎల్లేశ్.

సోమనర్సయ్య వాచీ చూశాడు. గోడ మీద, రిటైరైన నాడు ఇచ్చిన గడియారం చూశాడు. రెండూ ఒకటే చెప్పాయి. ‘చూసిన’ అని కొట్టాడు. దాని కింద, ‘1.44. ఛార్జ్ ఇచ్చిన’ అని రాసి, టాబ్‌ను ఆపకుండా, బల్ల మీద బోర్లా పెట్టాడు.

లేవబోయి లేవలేకపోయాడు. ఆరింటి నుంచి కదలని కాళ్లు తిమ్మిరెక్కాయి. రజిత చెయ్యి పట్టుకుంది. “ఆగు” అన్నాడు. “రక్తం వస్తుంది. సూదులు గుచ్చినట్టున్నది.” ముఖం కొంచెం చిట్లించాడు. ఆ ముఖంలో ఏదైనా కదలడం రజిత చూసి ఎన్నాళ్లయిందో.

గుడి రెండు వీధుల అవతల. అయ్యగారు చాప చుట్టేయబోతూ మళ్లీ పరిచాడు. పేరు అడిగాడు. సోమనర్సయ్య “యాదమ్మ” అని చెప్పాడు. గోత్రం చెప్పాడు. చేతిలో నీళ్లు పోయించుకుని, చెప్పిన చోట వదిలాడు. అన్నీ సబ్‌స్టేషన్లో స్విచ్‌లు వేసినట్టే, ఒకదాని తర్వాత ఒకటి, తప్పు లేకుండా చేశాడు. ఏడవలేదు.

బియ్యం పళ్లెం ఇచ్చేటప్పుడు మాత్రం ఆగాడు. అయ్యగారు చేతులు చాచి చూస్తున్నాడు.

“యాదమ్మా, దిగిన” అన్నాడు సోమనర్సయ్య.

రజిత ఆయన ముఖం వంక చూసింది. తల్లి అడిగిన మాట ఆయనకు తెలియదు. ఆమె ఎన్నడూ చెప్పలేదు. తండ్రి పళ్లెం వదిలి, వాచీ విప్పి జేబులో వేసుకుని, చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు. కాళ్ల ముందున్నా అవి కనబడటం లేదు. ఆమె వంగి ఒక్కొక్కటీ ఆయన కాలికి తొడిగింది.